ఫొటోలో చేతి జాడ: బెంగళూరులో నూటడెబ్బయ్యేళ్ల కథ

1854 డిసెంబరులో లినేయస్ ట్రైప్ అనే మద్రాసు సైన్యాధికారి బెంగళూరు నుంచి కెమెరా తీసుకుని హళేబీడు, బేలూరు గుళ్లకు వెళ్లాడు. మరుసటి ఏడు మద్రాసు ప్రదర్శనలో ఆ ఫొటోలకు మొదటి తరగతి పతకం వచ్చింది. ఆయన వాడింది మైనం పూసిన కాగితపు నెగెటివ్. ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు, మన ఎండలకు త్వరగా పాడవదు. ఒక్కటే చిక్కు: ఆనాటి రసాయనాలకు నీలం మరీ ఎక్కువగా పట్టేది. అందుకని ఆకాశం ప్రింటులో వెలవెలబోయి తెల్లగా వచ్చేది. ట్రైప్ కుంచె తీసుకున్నాడు. నెగెటివ్ మీద రంగు అద్దిన చోట ప్రింటు తెల్లబడుతుంది. ఆ లెక్క పట్టుకుని మేఘాలను, చెట్ల ఆకులను చేత్తో దిద్దాడు. 1855లో బర్మాలో తీసిన 120 దృశ్యాలను బెంగళూరుకు తెచ్చి ప్రింటు చేసినప్పుడూ అదే పని చేశాడు.

ఇవాళ కోరమంగళలో ఏ విద్యార్థి అయినా ఫోన్‌లో వేలు ఆడించి ఆకాశం మారుస్తుంటే, అది ఈ ఊరికి కొత్త విద్యేమీ కాదు. ఫొటోలోకి చేయి ఎంతవరకు వెళ్లవచ్చు అన్న ప్రశ్న ఇక్కడ ఫొటోతోపాటే పుట్టింది. ప్రతి తరమూ దానికి వేరే జవాబు చెప్పింది. బెంగళూరు ఫొటో చరిత్రను నేను చదువుకున్నది ఈ ప్రశ్న వెంటే.

ట్రైప్ దగ్గర ఇంకో పాఠం కూడా ఉంది. 1858లో తంజావూరు బృహదీశ్వరాలయం అడుగు గోడ మీది శాసనాన్ని 21 నెగెటివ్‌లుగా తీసి, ప్రింట్లను పక్కపక్కనే అతికించాడు. పొడవు దాదాపు 19 అడుగులు. కొత్తదనం కోసం చేసిన పని కాదది. శాసనం ఒక్క ఫ్రేములో పట్టదు, అంతే. అవసరంలోంచి వచ్చిన శైలి ఎంత గట్టిగా నిలుస్తుందో ఆ పొడుగాటి ప్రింటు చూపిస్తుంది.

స్టూడియోల కాలం వచ్చేసరికి చేతి పని వ్యాపారంలో భాగమైపోయింది. సికింద్రాబాదులో రాజా దీన్‌దయాళ్ 1886లో స్టూడియో పెట్టారు. 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అప్పటి స్టూడియోలలో పెన్సిలుతో నెగెటివ్ దిద్దేవాళ్లు, ప్రింటుకు నీటిరంగులు వేసేవాళ్లు ఉండేవారు. బెంగళూరు కంటోన్మెంటులోనూ, మన కోస్తా, రాయలసీమ పట్టణాలలోనూ ఇదే వరస. తాతగారి ఫొటోలో కోటు గుండీకి బంగారు రంగు కనిపిస్తే అది చేతి పనే. దాన్ని ఎవరూ మోసమనలేదు.

ఆ పనిని కళ అని పేరుపెట్టి వాదించింది ఫొటో క్లబ్బులవాళ్లు. ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లోనే ఐదు నెగెటివ్‌లు కలిపి ఒక మరణశయ్య దృశ్యాన్ని తయారుచేశాడు. ఆ దారిలో పెరిగిన పిక్టోరియల్ శైలి, సెలూన్ అని పిలిచే ఫొటో ప్రదర్శన పోటీల ద్వారా మన దేశానికి చేరింది. పొగమంచు, ఏటవాలు వెలుగు, ఎద్దుబండి, కుండ ఎత్తుకున్న స్త్రీ. 1953లో భారత ఫొటోగ్రఫీ సమాఖ్య ఏర్పడింది. దాని పనిలో బెంగళూరుకు చెందిన జి. థామస్ ప్రధాన పాత్ర వహించారు. ఆయన రాసిన 1840 నుంచి 1980 దాకా భారత ఫొటోగ్రఫీ చరిత్రను 1981లో ప్రచురించింది హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఫొటోగ్రఫీ అకాడమీ. బెంగళూరు పరిశోధనకు తెలుగు నేల అచ్చు వేసి పెట్టిందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. తెలియాలి.

1971లో బెంగళూరులో యూత్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ మొదలైంది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967 నుంచి తయారుచేస్తున్న ఇందు ఫిల్ము, కాగితం సామాన్య కుర్రాళ్లకు అందుబాటులోకి వచ్చిన కాలమది. డార్క్ రూమ్‌లో ఎర్ర బల్బు కింద, హైపో ద్రావణం వాసనలో నేర్చుకున్న విద్యలు అన్నీఇన్నీ కావు. కడుగుతుండగా మధ్యలో ఒక్క క్షణం వెలుతురు చూపిస్తే సోలరైజేషన్. కెమెరా లేకుండా ఆకునో తాళంచెవినో కాగితం మీద పెట్టి వెలుతురు వేస్తే ఫొటోగ్రామ్. నెగెటివ్‌నీ దాని పాజిటివ్‌నీ వెంట్రుకవాసి జరిపి కలిపితే రాతిమీద చెక్కినట్టుండే బాస్ రిలీఫ్. ఇవాళ ఫిల్టర్ల పేర్లుగా మిగిలిన వాటి వెనుక ఇంత ఒళ్లు వంచిన పని ఉంది. అయితే సెలూన్ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది, చెప్పకుండా ఉండలేను. మార్కుల కోసం తీసిన ఫొటోలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పాతికేళ్ల పతకాలు వరసగా పెడితే ఒకే మనిషి తీసినట్టుంటాయి.

ఇక విద్యార్థి అనే మాటకు ఈ కథలో నిజమైన అర్థం ఇచ్చిన చోటు బెంగళూరు శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్. 1943లో వృత్తివిద్యా సంస్థగా మొదలైంది. సినిమా కెమెరా పనికి డిప్లొమా ఇచ్చేది. మైసూరు కుర్రాడు వి.కె. మూర్తి అక్కడ 1946లో డిప్లొమా తీసుకుని బొంబాయి వెళ్లారు. గోవింద్ నిహలానీ కూడా ఆ తర్వాత అక్కడే చదివారు. మూర్తి ఛాయాగ్రహణంలో గురుదత్ తీసిన ‘కాగజ్ కే ఫూల్’ 1959లో వచ్చింది, దేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం. అందులో ఖాళీ స్టూడియోలోకి పైనుంచి దిగే ఆ వెలుగు స్తంభం కోసం మూర్తి పెద్ద దీపాలు తెప్పించలేదు. బయటి ఎండను ఒక పెద్ద అద్దంతో పట్టి లోపలికి పంపి, ఇంకో అద్దంతో కిందికి తిప్పారు. గాలిలోని దుమ్మూ పొగా ఆ వెలుగుకు ఆకారం ఇచ్చాయి. తర్వాత దిద్దడమేమీ లేదు. చేతి పనంతా షట్టరు కదలకముందే అయిపోయింది. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు వచ్చింది. ఛాయాగ్రాహకుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. నా లెక్కలో బెంగళూరు ప్రపంచానికి ఇచ్చిన దృశ్యపాఠాల్లో ఇది అన్నిటికంటే పెద్దది.

ఇదే ఊళ్లో అసలు చేయే పెట్టకూడదన్నవాళ్లూ ఉన్నారు. టి.ఎస్. సత్యన్ 1948లో డెక్కన్ హెరాల్డ్‌లో ఫొటోగ్రాఫర్‌గా చేరారు. మామూలు మనుషులను మామూలు వెలుతురులో పట్టుకోవడమే ఆయన నేర్పు. పిల్లల మీద ఆయన తీసిన ఫొటోలను 1979లో, అంతర్జాతీయ బాలల సంవత్సరంలో, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ప్రదర్శించారు. టి.ఎన్.ఎ. పెరుమాళ్ 2017లో కన్నుమూసేదాకా అడవి ఫొటోలు తీస్తూ, తరాల కుర్రాళ్లకు నేర్పుతూ గడిపారు. అడవి ఫొటోల విభాగానికి అంతర్జాతీయ నియమం నేటికీ కఠినంగానే ఉంది: కత్తిరించుకోవచ్చు గానీ కొత్తది చేర్చకూడదు, ఉన్నది తీసేయకూడదు. మేఘాలు గీసిన ట్రైప్‌ని ఆ విభాగంలోంచి తప్పిస్తారు.

ఈ రెండు శిబిరాలనూ దాటిపోయింది పుష్పమాల ఎన్. బెంగళూరులో 1956లో పుట్టి, బరోడాలో శిల్పం చదివి, 1990ల నడుమ కెమెరా ముందుకు తానే వచ్చి నిలబడ్డారు. 2000 నుంచి 2004 దాకా బెంగళూరు ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నితో కలిసి దక్షిణాది స్త్రీల వేషాలను వరసగా మళ్లీ సృష్టించారు. రవివర్మ లక్ష్మి, పాత సినిమా స్టిల్, తెల్లదొరలు గళ్ల తెర ముందు నిలబెట్టి కొలతలు తీసిన గిరిజన స్త్రీ, పత్రికలో వచ్చిన నేరస్తురాలు. అన్నిట్లోనూ ఉన్నది ఆమే. తెరలు, నగలు, దీపాలు అన్నీ తయారుచేసినవే. ఫొటో చెప్పేదంతా నిజమేనా అని అడగడానికే అంత కట్టుదిట్టంగా అబద్ధం కట్టారు. పాత స్టూడియోవాడి రంగు తెర ఇక్కడ ఆలోచనగా మారింది.

కస్తూర్బా రోడ్డులో 2023 ఫిబ్రవరిలో తలుపులు తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీలో ఈ చరిత్రలో చాలా భాగం కళ్లారా చూడవచ్చు. చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్ జ్యోతి భట్ ఫొటోల పెద్ద నిధి అక్కడే ఉంది. తొలి ప్రదర్శనల్లో ఒకటి ఆయనదే.

చదువు కోసం బెంగళూరు చేరిన తెలుగు పిల్లలకు ఒక మాట. ఎడిటింగ్ యాప్ మానేయమని అనను, ఈ ఊరి తొలి ఫొటోగ్రాఫర్లలో ఒకడైన ట్రైపే మేఘాలు గీశాడు. కానీ ఒక్క పద్ధతినైనా చేత్తో నేర్చుకోండి. డార్క్ రూమ్ లేకపోయినా ఫర్వాలేదు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్‌కు రెండు ఇనుప లవణాలు, ఒక కాగితం, ఎండ, బకెట్ నీళ్లు చాలు. ఇంజినీరింగ్ డ్రాయింగుల నకళ్లు దశాబ్దాల పాటు తీసింది ఆ నీలి పద్ధతిలోనే. లేపాక్షి ఇక్కడికి సుమారు 120 కిలోమీటర్లు, ఒక్క ఆదివారం చాలు. ఆ స్తంభాలను ఉన్నది ఉన్నట్టుగా ఒకటి, మీ చేయి పెట్టి ఇంకొకటి తీయండి. రెండింటినీ కాగితం మీద ప్రింటు వేయించి, చేయి ఎక్కడ పెట్టారో, ఎందుకు పెట్టారో వెనకాల రాసి పెట్టుకోండి.