కోనసీమ బాలయోగులు

చిన్న వయసులోనే తపస్సుకు కూర్చుని, ఆ కూర్చున్న చోటే జనం చేత పూజలందుకున్న యోగులను గోదావరి డెల్టాలో బాలయోగులంటారు. గత శతాబ్దం నడిమి రోజుల్లో, కొద్ది ఏళ్ల తేడాతో, గోదావరి పాయ గౌతమికి ఇటొకరు అటొకరు ఇలా కూర్చున్నారు. ఒకరు ముమ్మిడివరం బాలయోగి, మరొకరు ఆదివరపుపేట శివబాలయోగి. ముమ్మిడివరం గౌతమికీ వసిష్ఠకీ మధ్యనున్న అసలు సిసలు కోనసీమ. ఆదివరపుపేట నదికి ఆవలి ఒడ్డున, ద్రాక్షారామం దగ్గరి పల్లె. పాతవాళ్లు దాన్ని కోనసీమలో కలపరు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు రామచంద్రపురంతో పాటు ఆ పల్లె కూడా ఇటు వచ్చి చేరింది.

ఇద్దరిలో పెద్దవాడు ముమ్మిడివరం బాలయోగి. పేదింటి పిల్లవాడు. 1940ల నడుమ, మీసాలైనా రాని వయసులో మౌనం పట్టి తపస్సులో కూర్చున్నాడు. తరవాత తమ్ముడూ అదే దారి పట్టాడు. ఊళ్లో వాళ్లిద్దరినీ పెద్ద బాలయోగి, చిన్న బాలయోగి అంటారు. పెద్దాయన ప్రవచనం చెప్పలేదు, పుస్తకం రాయలేదు, ఊరూరా తిరగనూలేదు. గది తలుపు ఏడాది పొడవునా మూసే ఉండేది. మహాశివరాత్రికి మాత్రం తెరిచేవారు. తిండీ నీళ్లూ లేకుండానే ఉన్నారని భక్తులు చెప్పేవారు, అదెలా సాధ్యమని కాదనేవాళ్లూ ఉండేవారు. నమ్మినవాళ్లూ కాదన్నవాళ్లూ ఒకే వరసలో నిలబడి చూసి వచ్చేవారు.

ఆ ఒక్క రోజు తెరిచే తలుపే ముమ్మిడివరానికి ఒక తీర్థాన్ని తెచ్చిపెట్టింది. కోనసీమలో తీర్థమంటే జనం కూడే జాతర. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థమవుతుంది. అక్కడ దేవుళ్లే భుజాలెక్కి, చేలకు అడ్డం పడి, కాలువలు దాటి ఒకచోటికి వస్తారు. ముమ్మిడివరంలో ఇది తలకిందులు. యోగి కదలడు, జనమే కదులుతారు. గంటల తరబడి నిలబడితే దొరికేది కన్ను మూసి తెరిచేంత చూపు. జడలు కట్టిన జుట్టు, కదలని ఒళ్లు, అంతే. ఆ చూపు కోసమే ఏటా మళ్లీ వచ్చేవారు. 1985లో ఆయన కన్నుమూశాక ఆ చోటే సమాధి మందిరమైంది. బాలయోగి అన్నది ఈ ప్రాంతంలో పిల్లలకు పెట్టుకునే పేరు కూడా. 1998లో లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగిది ముమ్మిడివరానికి దగ్గర్లోని ఎదుర్లంక. ఎదుర్లంకకూ యానానికీ మధ్య గౌతమి మీది వంతెనకు ఆయన పేరే పెట్టారు.

శివబాలయోగి కథ ఇంతకంటే వివరంగా దొరుకుతుంది. శిష్యులు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిపెట్టారు. చదివేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇవన్నీ భక్తులు చెప్పగా భక్తులే రాసుకున్నవి. ఆయన 1935 జనవరి 24న దేవాంగుల ఇంట పుట్టారు. పెట్టిన పేరు సత్యరాజు. తండ్రి భీమన్న ముందే పోతే తల్లి పార్వతమ్మ పుట్టింటి నీడన పెరిగారు. తాత గోలి సత్యంది మగ్గం బతుకు. పిల్లవాడు ఎదిగీ ఎదగకముందే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేత మొదలెట్టాడు. మగ్గం ముందు పొద్దుగూకులూ కదలకుండా కూర్చోవడం నేతగాడికి తొలి పాఠం. తరవాతి కథకు దీనితో సంబంధం ఉందో లేదో గానీ, ఆయన చరిత్ర చదివిన ప్రతిసారీ నాకు ముందు ఆ గుంటే గుర్తొస్తుంది.

1949 ఆగస్టు 7, ఆదివారం. తాటిపళ్లు రాలే రోజులు. సత్యరాజుకు పద్నాలుగేళ్లు. తోటి పిల్లలతో కాలువలో ఈతకు దిగాడు. దొరికిన తాటిపళ్లను పంచుకున్నారు. తన వంతు పండును పిసుకుతుంటే ఓంకారం వినబడిందట, వెలుగు కమ్మిందట. పండు ఉండాల్సిన చోట నల్లటి శివలింగం కనబడి రెండుగా చీలింది. అందులోంచి నిలువెత్తు జంగందేవర ఒకాయన బయటికొచ్చి, పద్మాసనం వేయించి, కనుబొమల మధ్య వేలుంచాడు. అంతే, ఒళ్లు తెలియలేదు. జంగందేవర ఆ పల్లెలకు కొత్తవాడు కాదు. శంఖం ఊదుతూ, గంట వాయిస్తూ గడప ముందుకు వచ్చేవాడే. ఆ పిల్లవాడికి గురువు పురాణాల్లోని ఋషి రూపంలో కాకుండా వీధిలో రోజూ చూసే మనిషి రూపంలో రావడమే ఈ కథలో నాకు నచ్చిన సంగతి.

మొదట ఎవరూ నమ్మలేదు. దొంగవేషమనుకుని పిల్లలు లాగారు, నీళ్లలో పడేశారు. పెద్దల్లోనూ కొందరు వేధించారు. గుడ్డ ముట్టించి మీదికి విసిరితే ఒళ్లు కాలిందని చరిత్రలు చెబుతాయి. కూర్చున్న మనిషిని ఎలకలు కొరికాయి, పాములు కరిచాయి. చేతివేళ్లు ముడుచుకుపోయాయి. చివరికి జనం జోలి ఉండదని శ్మశానానికి మారారు. అక్కడే ఆయన కోసం పాక వేశారు, తరవాత గది కట్టారు. మొదటి ఎనిమిదేళ్లు రోజుకు ఇరవై మూడు గంటలు, చివరి నాలుగేళ్లు పన్నెండు గంటలు ధ్యానమని లెక్క. మిగిలిన వేళలో అర్ధరాత్రి స్నానం, ఒక గ్లాసు పాలు. ఒక్కో దిక్కుకు కొన్నేళ్ల చొప్పున ముఖం పెట్టి నాలుగు దిక్కులూ పూర్తి చేశారు. పన్నెండేళ్లు నిండగానే, 1961 ఆగస్టు 7న, లేచి జనంలోకి వచ్చారు. గోదావరి మనుషులకు పన్నెండేళ్లంటే పుష్కరం.  ఈ తపస్సు గడువు ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

శివబాలయోగి అన్న పేరులో ‘బాల’ అంటే పిల్లవాడు కాదు, పార్వతి. శివపార్వతులిద్దరినీ కలిపి పిలిచే పేరు అది. తపస్సు ముగిశాక ఆయన ఊళ్లు తిరిగారు. బెంగళూరులోనూ డెహ్రాడూన్‌లోనూ ఆశ్రమాలు లేచాయి. శ్రీలంక, ఇంగ్లండ్, అమెరికా వెళ్లారు. మాటలు తక్కువ. ధ్యానదీక్ష, విభూతి, భజన, అంతే. భజనలో కొందరు ఒళ్లు మరిచి ఆడేవారు, దాన్నే భావసమాధి అనేవారు. శిష్యుల్లో అందరికంటే ఆశ్చర్యం కలిగించేది లెఫ్టినెంట్ జనరల్ హనూత్ సింగ్. 1971 యుద్ధంలో బసంతర్ దగ్గర పూనా హార్స్ ట్యాంకులను నడిపి మహావీరచక్ర అందుకున్న రాజపుత్రుడు. నేతగాడి కొడుకు దగ్గర దీక్ష తీసుకుని, ఉద్యోగం వదిలాక ధ్యానంలోనే గడిపారు. శివబాలయోగి 1994 మార్చి 28న కాకినాడలో కన్నుమూశారు. ఏప్రిల్ 2న ఆదివరపుపేటలో సమాధి చేశారు.

ఈ తీరు మనిషి తెలుగునేలకే ప్రత్యేకం కాదు. లెబనాన్ కొండల్లో మారోనైట్ సన్యాసి చార్బెల్ మఖ్లూఫ్ 1875 నుంచి అన్నాయా మఠం పక్కనున్న చిన్న కుటీరంలో మౌనంగా ఉండి, 1898 డిసెంబరు 24న పోయాడు. గొప్ప మాటలేవీ మిగల్చలేదు. సమాధి దగ్గర వెలుగు కనబడిందని జనం మూగారు, రోగాలు నయమయ్యాయన్నారు. అంతకు చాలా ముందు, అయిదో శతాబ్దంలో, అలెప్పో దగ్గర సిమియోను అనే సన్యాసి రాతిస్తంభం మీద ముప్పై ఏళ్లకు పైగా గడిపాడు. కింద జనం తీర్థంలా చేరేవారు. తేడా ఒక్కటే. చార్బెల్ విషయంలో చర్చి విచారణ జరిపి, సాక్షులను అడిగి, 1965లో ధన్యుడిగా, 1977 అక్టోబరు 9న పునీతుడిగా ప్రకటించింది. ఇక్కడ అలాంటి విచారణ ఏదీ లేదు. ఇంట్లో పటం కట్టించుకున్నవాడు, కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నవాడు తేల్చేసినట్టే.

ముమ్మిడివరంలో ఇప్పుడు ఆ తలుపు వెనక కూర్చున్న మనిషి లేడు, ఉన్నది సమాధి. అయినా జనం మాత్రం పాత అలవాటు కొద్దీ శివరాత్రికే వస్తున్నారు.