కోడిపిల్లలు కొనేముందు టీకా సంగతి అడగాలి

భువనగిరి: పెరట్లో కోళ్లు పెంచదలచినవారు ధరకంటే ముందు జాతిని విచారించాలి. రంగులు అద్ది, గంపల్లో ఊరూరా అమ్మే పిల్లలు చాలావరకు గుడ్ల జాతికి చెందిన మగపిల్లలే. హేచరీలకు అక్కరలేనివి కనుక చౌకగా వస్తాయి. ఎంత పెంచినా గుడ్లు పెట్టవు, మాంసమూ అంతగా పట్టవు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా గుడ్లకూ మాంసానికీ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకూ అనువైనవి. చూపునకు నాటుకోళ్లవలె ఉన్నా ఇవి సాధారణంగా పొదగవు. ప్రతిసారీ పిల్లలను కొనవలసిందే. ఈ సంగతి అమ్మేవారు అరుదుగా చెబుతారు.

మారెక్స్ వ్యాధి టీకాను తొలిరోజే హేచరీలో వేయాలి. వేశారో లేదో అడిగి తెలుసుకోవాలి. బొడ్డు ఆరి, కళ్లు మెరుస్తూ, చురుకుగా తిరిగే పిల్లలనే ఏరుకోవాలి. ఇంటికి చేరగానే ముందు నీరు, తర్వాత మేత పెట్టాలి. మొదటి వారం సుమారు 35 డిగ్రీల వేడి అవసరం. పిల్లలు బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా జరిగి నోరు తెరిస్తే వేడి ఎక్కువైనట్లు.

5-7 రోజుల మధ్య కొక్కెర తెగులు రాకుండా లసోటా చుక్క కంట్లో వేయించాలి. పది పిల్లలకు సరిపడే చిన్న సీసా దుకాణాల్లో దొరకడం కష్టం. కలిపిన మందు ఎక్కువసేపు నిలవదు. కాబట్టి ఇరుగుపొరుగువారు ఒకేరోజు పిల్లలు తెచ్చుకుని, ఒకే సీసాతో వేయించుకుంటే ఖర్చు కలిసివస్తుంది.