పాలిమర్: అర్థం మారిన పేరు

గ్రీకులో 'పాలీ' అంటే అనేకం, 'మెరోస్' అంటే భాగం. ఈ రెండింటినీ కలిపి 1833లో కొత్త మాట పుట్టించినవాడు స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్. అప్పటికింకా ప్లాస్టిక్కుల ఊసే లేదు. మూలకాల నిష్పత్తి ఒకటే అయినా అణుభారం వేరైన పదార్థాలకు ఆయన ఆ పేరు పెట్టాడు. ఇథిలీన్, బ్యూటిలీన్ అలాంటి జంటే: రెండింటిలోనూ ఒక్కో కార్బన్‌కు రెండేసి హైడ్రోజన్లు.

పొడవైన గొలుసు అన్న అర్థం 20వ శతాబ్దంలో స్థిరపడింది. అలాంటి మహా అణువులు నిజంగా ఉన్నాయని 1920లో వాదించిన జర్మన్ శాస్త్రవేత్త స్టౌడింగర్‌కు 1953లో నోబెల్ బహుమతి దక్కింది.

డ్యూపాంట్ సంస్థలో పనిచేసిన కరోథర్స్ 1929లో వీటిని రెండు తెగలుగా విడదీశాడు. మన పాఠ్యపుస్తకాల్లోని సంకలన, సంఘనన పాలిమర్లు అవే. సంకలనంలో చిన్న అణువుల ద్విబంధాలు తెరుచుకుంటాయి. ఒక్క పరమాణువూ పోకుండా అణువులు వరుసగా కలుస్తాయి. ఇథిలీన్ పాలిథీన్ అయ్యేది ఇలాగే. సంఘననంలో కలిసిన ప్రతిచోటా నీటి వంటి చిన్న అణువు బయటికి పోతుంది. 1935లో కరోథర్స్ బృందం తయారుచేసిన నైలాన్ 6,6 ఈ కోవలోది. నీరు పోయాక మూలకాల నిష్పత్తి మారుతుంది కాబట్టి, బెర్జీలియస్ నిర్వచనం ప్రకారం ఇది పాలిమరే కాదు!

ఈ విభజన పరీక్షల కోసం మాత్రమే కాదు. మంచినీళ్ల సీసాల 'పెట్' సంఘనన పాలిమర్. దాని ఎస్టర్ బంధాలను నీటితోనో మిథనాల్‌తోనో తెంచి ముడిపదార్థాలను తిరిగి రాబట్టవచ్చు. పాలిథీన్ కవర్‌లోని కార్బన్ గొలుసుకు ఆ దారి లేదు.