జూదగృహం, క్యాసినో హోటల్: ఉత్తరాంధ్ర నేపథ్యంలో ఒక చట్టచారిత్రక పరిశీలన

బస, భోజనం, వినోదాలతో పాటు పందెపు ఆటకూ ప్రభుత్వ అనుమతి పొంది, ఆ ఆటపై వచ్చే రాబడిమీద ప్రధానంగా నిలిచే విడిదిని క్యాసినో హోటల్ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇటువంటిది ఏనాడూ వెలియలేదు. అలాగని ఈ ప్రాంతం పేకాట ఎరుగనిదేమీ కాదు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' రెండో కూర్పులో (1909) మధురవాణి, పోలిశెట్టి, సిద్ధాంతి, భుక్త కలిసి బేస్తు ఆడే రంగమే అందుకు సాక్ష్యం. ఆ రంగంలో పందెం ఆటగాళ్ల మధ్యనే చేతులు మారుతుంది తప్ప, ఆడించి లాభం తీసే నిర్వాహకుడంటూ ఎవడూ ఉండడు. క్యాసినోను మామూలు పేకాట నుంచి వేరుచేసేది సరిగ్గా ఈ నిర్వాహకుడే, చట్టం గురిపెట్టిందీ ప్రధానంగా అతడిమీదనే.

నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన ఈ ప్రాంతానికి 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం వర్తించేది. ఆ మరుసటి ఏడాదే, 1931లో, అమెరికాలోని నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేయడం, దాని ఫలితంగా 1941లో లాస్ వేగాస్ శివారు రహదారిపై ఎల్ రాంచో వేగాస్ అనే తొలి విడిది క్యాసినో తెరుచుకోవడం గమనిస్తే, రెండు ప్రభుత్వాలు ఒకే వ్యసనాన్ని ఎంత భిన్నంగా చూశాయో తెలుస్తుంది: ఒకటి శిక్షకు, మరొకటి పన్నుకు మొగ్గింది.

తెలుగునాట ఈ చర్చకు కీలకమైన తీర్పు సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారంలో వచ్చింది. 1963లో పోలీసులు ఆ క్లబ్బుపై దాడిచేసి రమ్మీ ఆడుతున్నవారిపై కేసు పెట్టగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ వివాదంగా అది సుప్రీంకోర్టుకు చేరింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఏ ముక్క ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడం నేర్పుకు సంబంధించినవి కనుక, రమ్మీ మూడుముక్కలాటలాగా కేవలం అదృష్టంమీద నడిచేది కాదని న్యాయస్థానం 1967లో తేల్చింది. ఈ మాటనే అందరూ ఉటంకిస్తారు. నిజానికి అంతకంటే బరువైనది అదే తీర్పులోని హెచ్చరిక: ఆటపై క్లబ్బు యజమాని లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం నిలబడవచ్చు.

1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా సాధారణ జూదగృహాన్ని, అంటే నిర్వాహకుడి లాభం కోసం జూదసామగ్రి ఉంచే చోటును, ఈ దృష్టితోనే నిర్వచించి, ఇల్లు, గది, డేరాలతో పాటు వాహనాన్నీ, పడవనూ అందులో చేర్చింది. గోవా ఇందుకు పూర్తిగా ఎదురుదారి పట్టి, 1976 నాటి తన జూద నిషేధ చట్టానికి 1992లో సవరణ తెచ్చి పంచతార హోటళ్లలో యంత్రాలతో ఆడే ఆటలకూ, 1996లో నౌకలపై జూదానికీ అనుమతి ఇచ్చింది. ఒకచోట నేరస్థలమైన పడవే మరోచోట లైసెన్సు పొందిన వ్యాపారస్థలమైంది! ఆంధ్రప్రదేశ్ మాత్రం 2020లో సవరణ తెచ్చి ఆన్‌లైన్ పందెపు ఆటలను కూడా నిషేధంలోకి లాగింది.

ఈ చట్టం ఇలాగే ఉన్నంతకాలం, భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంట ఎన్ని రిసార్టులు లేచినా వాటిలో క్యాసినోకు చోటు లేదు.