హకీంపేట దారి

శంషాబాద్ చుట్టుపక్కల బళ్ళలో పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే పైలట్ అనేవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు. 2008 మార్చి 23న కొత్త విమానాశ్రయం మొదలైనప్పటి నుంచీ వాళ్ళ నెత్తిమీదుగానే కదా విమానాలు దిగుతున్నాయి! అయితే వాళ్ళు చెప్పేది పెద్ద విమానాల సంగతి. హెలికాప్టర్ నడుపుతానన్న పిల్లవాడు నాకింతవరకూ తగల్లేదు. కారణం హైదరాబాదు చరిత్రలోనే ఉందని నా అనుమానం.

విమానం నేర్చుకోడానికి ఈ ఊళ్ళో మామూలు మనుషులకి నిజాం కాలంలోనే ఒక దారి పడింది. 1930లలో బాబర్ మీర్జా పూనికతో బేగంపేటలో హైదరాబాద్ ఏరో క్లబ్ వెలిసింది. తర్వాత డెక్కన్ ఎయిర్‌వేస్ వచ్చి డకోటాలు నడిపింది, 1953లో ప్రభుత్వపరమైంది. తక్కిన కంపెనీలు ఆడపిల్లని వద్దన్న రోజుల్లో ప్రేమ్ మాథుర్‌కి కో-పైలట్ ఉద్యోగమిచ్చింది కూడా ఈ కంపెనీయే. మనం పెద్దగా చెప్పుకోం గానీ, చెప్పుకోదగ్గ సంగతే.

హెలికాప్టర్‌కి మాత్రం అలాంటి క్లబ్బు పుట్టలేదు. ఉన్న వాకిలి వాయుసేనది. నగరానికి దక్షిణపు కొస శంషాబాద్ అయితే, ఉత్తరాన అల్వాల్ దాటాక హకీంపేట. 1962లో వేరేచోట మొదలైన వాయుసేన హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ చివరికి ఇక్కడ స్థిరపడింది. ముందు విమానం మీద ఓనమాలు దిద్దినవాళ్ళని ఇక్కడ చేతక్ ఎక్కిస్తారు. ఫ్రెంచివాళ్ళ అలూయెట్-3నే హెచ్ఏఎల్ మనదేశంలో చేతక్ పేరుతో తయారుచేసింది.

విమానం వచ్చినంత మాత్రాన ఇది రాదు. ఎడమచేతిలో కలెక్టివ్, కుడిచేతిలో సైక్లిక్, కాళ్ళ కింద పెడళ్ళు. ఒకటి కదిపితే మిగిలిన రెండూ సర్దుకోవాలి. గాల్లో ఒకేచోట నిలబెట్టడం, అంటే హోవర్, కొత్తవాళ్ళకి చుక్కలు చూపిస్తుంది.

బయటివాళ్ళు నేర్చుకోకూడదని చట్టమేమీ లేదు. పద్దెనిమిదేళ్ళు నిండి, ఇంటర్లో లెక్కలూ ఫిజిక్సూ చదివి, వైద్యపరీక్షలో నెగ్గి, డీజీసీఏ పరీక్షలు రాసి, 150 గంటలు ఎగిరితే కమర్షియల్ లైసెన్సు వస్తుంది. విమానానికైతే 200 గంటలు. గంటలు తక్కువే, కానీ హెలికాప్టర్ గంట ఖరీదు చిన్న శిక్షణ విమానం గంటకి కొన్ని రెట్లు. పొలం అమ్మినా చాలదేమో! సైన్యంలో చేసినవాళ్ళకి ఈ ఖర్చు లేదు. అక్కడ ఎగిరిన గంటలు లెక్కలోకొస్తాయి, పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకుంటారు. అందుకే ముఖ్యమంత్రుల హెలికాప్టర్లైనా, సముద్రంలో రిగ్గులకి ఉద్యోగుల్ని చేరవేసేవైనా, నడిపేవాళ్ళలో మాజీ సైనికులే ఎక్కువ.

సైన్యంలో వాతావరణం బాగాలేదని కమాండర్‌కి చెప్పడం వేరు, కింద జనం ఎదురుచూస్తుంటే నాయకుడికి చెప్పడం వేరు. ఈ రెండోది ఏ స్కూల్లో నేర్పుతారో నాకు తెలియదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. 2009 సెప్టెంబర్ 2 ఉదయం రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లా పర్యటనకి బయల్దేరిన బెల్ 430 నల్లమలలో కూలింది. అప్పటికి ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్ వెళ్ళిపోయాయి, ముఖ్యమంత్రి హెలికాప్టర్ మాత్రం బేగంపేట నుంచే లేచింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ తగ్గినట్టు కనబడితే, ఏం చెయ్యాలో పుస్తకంలో వెతుకుతూ పైలట్లు విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారని విచారణ సంఘం తేల్చింది. బయట తుఫాను మేఘం.

ఆ హెలికాప్టర్లో పోయినవాళ్ళు ఐదుగురు. పైలట్లలో ఒకరు కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి, రెండోవారు గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా. గ్రూప్ కెప్టెన్ అన్నది కంపెనీ ఇచ్చే హోదా కాదు, వాయుసేన ర్యాంకు.