శిశువిద్యలో కళ : ఫ్రోబెల్ తెచ్చిన మార్పు

అక్షరాభ్యాసమునకు పూర్వము శిశువు చేతికి ఏమి యీయవలెను? ఐరోపా ఖండమున 19వ శతాబ్ది ప్రారంభము వరకు ఈ ప్రశ్న వేసికొన్నవారు అరుదు. పసిబిడ్డలకై అచ్చట వెలసిన శాలలు చాలవరకు తల్లిదండ్రులు పనికి పోయిన వేళ బిడ్డలను కాచునవి. లేదా పాఠములు వల్లెవేయించునవి. వేరొక మార్గము చూపినవాడు జర్మనీ దేశీయుడగు ఫ్రెడరిక్ ఫ్రోబెల్.

1782లో జన్మించిన ఫ్రోబెల్ తొమ్మిది నెలల ప్రాయముననే తల్లిని కోల్పోయెను. యౌవనమున స్విట్జర్లాండులో పెస్టలాట్సీ బోధనాపద్ధతిని పరిశీలించెను. పిదప బెర్లిను నగరమున స్ఫటికశాస్త్రము నభ్యసించెను. ఆయన పిల్లల చేతికిచ్చిన వస్తువులలో ఆ చదువు ఛాయలు స్పష్టముగ గోచరించును. 1837లో బ్లాంకెన్‌బుర్గు అను చిన్న పట్టణమున శిశువులకై ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’, అనగా పిల్లల తోట, అని పేరిడెను.

అచ్చట పుస్తకమునకు మొదటి స్థానము లేదు. తొలుత ఆరు వన్నెల ఉన్నిబంతులు. తరువాత కొయ్యతో చేసిన గుండు, ఘనము, స్తంభము. ఆపై ఎనిమిది ముక్కలుగ విడివడు ఘనము. వీనిని ఆయన ‘కానుక’ లనెను. బంకమట్టితో బొమ్మలు చేయుట, కాగితము మడచుట, రంగుకాగితపు పేలికలను చాపవలె అల్లుట, గళ్ళపలకపై గీతలు గీయుట అనునవి పిల్లల వ్యాపకములు. ఆ గళ్ళపలకను చూచిన తెలుగు ఇల్లాలికి ముగ్గు చుక్కలు జ్ఞప్తికి రాక మానవు.

ఆ ఎనిమిది ముక్కలతోనే పిల్లవాడు ఒకమారు కుర్చీని కట్టును. వానినే అటునిటు జరిపి నక్షత్రము వంటి అలంకారమును తీర్చును. మరల వానినే సగములుగ, పాతికలుగ పంచి లెక్క తెలిసికొనును. జీవితరూపము, సౌందర్యరూపము, జ్ఞానరూపము అని ఫ్రోబెల్ వీనికి పేళ్ళు పెట్టెను. సౌందర్యమును తీరిక వేళల వేడుకగ గాక లెక్కతో సమానముగ నిలుపుటయే ఆయన చేసిన గొప్ప పని.

రాజ్యాధికారులకు ఇది రుచింపలేదు. నాస్తికతను, సోషలిజమును వ్యాపింపజేయుచున్నవను నెపమున 1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వము ఈ శాలలను నిషేధించెను. సోదరపుత్రుడగు కార్ల్ ఫ్రోబెల్ భావములను ఈయనకు అంటగట్టుటయు నిందుకొక కారణము. ఉన్నిబంతులకును మట్టిబొమ్మలకును ఒక రాజ్యము వెరచుట వింతయే. 1852 జూనులో ఫ్రోబెల్ మరణించెను. 1860లో గాని నిషేధము తొలగలేదు.

ఈలోపున మారెన్‌హోల్ట్జ్ బ్యూలో ప్రభ్వి మొదలగువారు ఈ విధానమును అన్యదేశములకు కొనిపోయిరి. అమెరికాలో 1876 నాటి ఫిలడెల్ఫియా ప్రదర్శనమున ఒక తల్లి ఈ కానుకలను చూచి తన కుమారునికి తెచ్చి యిచ్చెను. ఆ బాలుడే తరువాత ప్రఖ్యాత వాస్తుశిల్పియైన ఫ్రాంక్ లాయిడ్ రైట్. తన కళకు ఆ కొయ్యముక్కల ఋణమును ఆయన స్వీయచరిత్రలో చెప్పికొనెను.

అయితే శిష్యుల చేతులలో ఈ పద్ధతి క్రమముగ బిగుసుకొనిపోయెను. గళ్ళు దాటరాదు, వరుస తప్పరాదు అను కవాతు ప్రబలెను. ఇందులో ఫ్రోబెల్ దోషము బొత్తిగా లేదనుట సత్యము గాదు. వరుసను ఏర్పరచినది ఆయనయే. 1897లో వియన్నా నగరమున బాలల చిత్రకళాశాలను తెరచిన ఫ్రాంజ్ చిజెక్ గళ్ళపలకను విడిచి, నమూనాలకు నకళ్ళు వ్రాయించుట మాని, పిల్లలు తమకు తోచినది తోచినట్లు చిత్రించునట్లు చేసెను. ఆ తరగతి 1938 వరకు సాగెను.