అంటు పట్టిన రాగాలు

కడియం నర్సరీల్లో అంటు కట్టిన రోజున దాన్నెవరూ మొక్కగా లెక్కవేయరు. చిగురు వేసి, అంటు పట్టిందని తేలాకే అది మొక్క. రాగానికీ ఇదే పరీక్ష పెట్టాలని నా వాదన. కోనసీమలోని శంకరగుప్తంలో 1930 జూలై 6న పుట్టిన కర్ణాటక సంగీత విద్వాంసుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ తాను కొత్త రాగాలు చేశానన్నప్పుడు సంగీతలోకం రెండుగా చీలింది. వీణ విద్వాంసులు ఎస్. బాలచందర్ ఆ మాటను గట్టిగా ఎదిరించారు. ఆ తగవులో బాలమురళి పక్షమే న్యాయమైనదని చెప్పడానికి ఈ నాలుగు మాటలు.

ఆయన శాస్త్రం తెలియక అన్నమాట కాదది. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర నేర్చుకుని, ఇంకా కుర్రతనం వదలకముందే డెబ్బై రెండు మేళకర్తల్లోనూ కృతులు కట్టారు. అవి 1952లో ‘జనకరాగ మంజరి’గా అచ్చయ్యాయి. ఇంటి మూలమూలా చూసినవాడే ఎక్కడ కొత్త కిటికీ పెట్టొచ్చో చెప్పగలడు. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి మేళాల పట్టిక వేశాక స్వరాల కూర్పులన్నీ గణితంలో ఉన్నట్టేననీ, ఉన్నదానికి పేరు పెట్టడం సృష్టి కాదనీ ఒక ఆక్షేపణ. పట్టికలో ఉండేది వరుస మాత్రమే. ఏ స్వరం మీద నిలవాలో, దేన్ని తాకి వదిలేయాలో అందులో రాసి ఉండదు.

అయిదు స్వరాలకు తగ్గితే రాగమే కాదన్నది మరింత బలమైన ఆక్షేపణ. అయిదు, ఆరు, ఏడు స్వరాలకు ఔడవం, షాడవం, సంపూర్ణం అన్న విభజన అలాంటిదే మరి. కానీ నాలుగు స్వరాల గానానికి మన ప్రాచీనులు ‘స్వరాంతరం’ అని పేరు పెట్టుకున్నారు. చెవికి తెలియనిదానికి పేరు పుట్టదు. బాలమురళి చేసిన లవంగి రాగాన్నే చూడండి: స, శుద్ధ రి, శుద్ధ మ, శుద్ధ ధ. పంచమం లేదు. షడ్జాన్ని ఆనుకునే ఉన్న రిషభం నుంచి మధ్యమానికి ఒక్క గెంతు. పంచమం మోయాల్సిన బరువంతా ఆ మధ్యమమే మోస్తుంది.

మహతి ఇంకా గట్టి సాక్ష్యం. స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదం. ఈ నాలుగూ ఒక్కసారిగా మోగితే పాశ్చాత్యులు దాన్ని డామినెంట్ సెవెన్త్ అంటారు. జర్మన్ సంగీత శాస్త్రవేత్త హ్యూగో రీమన్ (1849–1919) స్వరమేళనాలను వాటి పనిని బట్టి వర్గీకరించాడు. ఆ లెక్కన ఇది గమ్యం కాదు. వేరే చోటికి చేరాలని తహతహలాడే మేళనం. బాలమురళి మహతిలో అవే స్వరాలు షడ్జం దగ్గరే ఇల్లు చూసుకుంటాయి. స్వరాలు ఒకటే అయినా వాటి నడక, నిలకడ వేరు. ఆ నడకను కనిపెట్టినవాడిని సృష్టికర్త అనక ఏమనాలి?

అన్నీ సమానంగా పట్టలేదన్నది నిజమే. సర్వశ్రీ వంటి మూడు స్వరాల రాగంలో ఆలాపనకు చోటు ఇరుకే. దాన్ని ప్రయోగంగా ఒప్పుకుంటే చాలు. లవంగి, మహతి మాత్రం ఆయన గొంతు దాటి ఇతరుల గొంతుల్లోకి వెళ్లాయి. 1975 నాటి తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో మహతి సినిమా పాటకూ ఎక్కింది. బాలమురళి 2016 నవంబర్ 22న చెన్నైలో కన్నుమూశారు. మహతిలో ఆయన పాడిన కృతి వినండి. చివర గొంతు షడ్జం మీద ఆగినప్పుడు, అది ఇల్లు చేరినట్టుందో లేదో మీ చెవినే అడగండి.